కనకదుర్గ కుట్టిన జెండా

చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో తెలుగువాళ్లకి బ్లౌజులు కుట్టిపెట్టేది కనకదుర్గ. కూతురు వేద ఇంటి బేస్‌మెంట్‌లో ఆమె మిషను. పని నచ్చకపోతే మొహం మీదే వద్దనేస్తుంది.

ఒకరోజు చైతన్య అనే ఇంజనీరు వచ్చాడు. ఇక వైద్యం లేదని నాన్నకి ఇంట్లోనే హాస్పిస్, అంటే ఆఖరి రోజుల సేవ, స్టార్ట్ చేశారని, పోయాక ఒంటిమీద ఎర్రజెండా కప్పాలని ఆయన పట్టుబడుతున్నారని చెప్పాడు.

"ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తానంటే వద్దన్నారు ఆంటీ. చేత్తో కుట్టిందే కావాలట."

నాన్న పేరడిగింది. వెంకట రమణ, తెనాలిలో పార్టీ కార్యదర్శిగా చేశారన్నాడు. కనకదుర్గ చేతిలో కుడుతున్న బ్లౌజు పక్కన పెట్టింది. తర్వాత, కుడతానంది.

ఆమె భర్త నరహరి ఒకప్పుడు తెనాలిలో లెక్చరరు, పార్టీ సభ్యుడు. ఒక పోలెండు తత్వవేత్త రాతలు ఆయన్ని పట్టేశాయి. ఆ తత్వవేత్త కుర్రతనంలో పార్టీని ప్రాణంగా నమ్మాడు. మాస్కో వెళ్లి చూసొచ్చాక నమ్మకం సడలింది. అక్కడి క్రూరత్వం ఎవరో దారి తప్పితే వచ్చింది కాదని, దాని విత్తనం మార్క్సిజంలోనే ఉందని రాశాడు. పార్టీ వెలేసింది, ఉద్యోగం పోయింది, దేశం వదిలాడు. ఇంగ్లండులోనూ, ఇక్కడి చికాగోలోనూ పాఠాలు చెప్పాడు. పోలెండులో కార్మికులే సర్కారు మీద తిరగబడినప్పుడు ఆయన వ్యాసాలు చాటుగా చేతులు మారాయి.

నరహరి కొన్నిటిని తెలుగు చేసి చిన్న పుస్తకం వేశాడు. రమణ విచారణ పెట్టి తప్పొప్పుకోమన్నాడు. నరహరి ఒప్పుకోలేదు. బహిష్కరించారు. పార్టీ పొమ్మన్నా పేదవాళ్ల జెండా నాదేననేవాడు. ఆ బెంగతోనే గుండె ఆగి పోయాడు.

కామ్రేడు పోతే జెండా కప్పడం వాళ్ల ఆనవాయితీ. కనకదుర్గ ఏడుస్తూనే ఒకటి కుట్టి కప్పింది. రమణ మనుషుల్ని పంపాడు. బహిష్కృతుడికి జెండా లేదని వాళ్లు శవం మీంచి లాగి, మడిచి పట్టుకుపోయారు.

ఇప్పుడు ఆ రమణకి జెండా కావాలి.

ఎర్ర కాటను తెచ్చింది. అంచు రెండు మడతలేసింది. పసుపు గుడ్డలో సుత్తీ కొడవలీ కత్తిరించి కుట్టింది. పగవాడిదైనా కుట్టు వంకర పోకూడదు.

తనే తీసుకెళ్లింది. మంచంలో ఉన్న రమణ ఆమెను గుర్తుపట్టాడు. జెండా అతనికి అందకుండా కుర్చీ మీద పెట్టి, నరహరి పుస్తకం తీసింది. ఇది పూర్తిగా వినాలి, తర్వాతే జెండా అంది. రోజూ మధ్యాహ్నం వెళ్లి చదివేది. అతను గోడవైపు తిరిగితే గొంతు పెంచేది. నాన్నకి తోడుంటోందనుకుని చైతన్య కాఫీ ఇచ్చేవాడు.

ఆఖరి పేజీ అయిన రోజు రమణ నోరు తెరిచాడు.

"నరహరి చెప్పింది తప్పు కాదమ్మా. నాకప్పుడే తెలుసు."

పుస్తకం విన్నాడు, తప్పూ ఒప్పుకున్నాడు, జెండా ఇచ్చేద్దామనే అనుకుంది ఆమె. అప్పుడే తెలుసన్న మాట మాత్రం గొంతు దిగలేదు.

"తెలిసే లాగించారా?"

"క్రమశిక్షణ. పార్టీ ఇంటిదానివి, నువ్వే అర్థం చేసుకోకపోతే ఎలా? ఆ జెండా ఇటివ్వు."

"అర్థమైంది. మీకు తెల్లదుప్పటి చాలు రమణ గారూ."

జెండా సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

అతను పోయాక చైతన్య ఫోన్ చేసి జెండా అడిగాడు. ఎందుకివ్వదో మొత్తం చెప్పింది. అతను అంతా విని, "సారీ ఆంటీ" అని పెట్టేశాడు.

అంత్యక్రియలకి వెళ్లొచ్చిన వేద, తెల్లదుప్పటితోనే పంపేశారని చెప్పింది. ఇప్పటికైనా కడుపు చల్లబడిందా అని కొంచెం విసురుగానే అడిగింది.

"చల్లబడింది" అంది కనకదుర్గ. నిజమే చెప్పింది.