చేత్తో రెండు చుట్లు

మొన్న ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి మెట్ల కింద నడుస్తుంటే కిరసనాయిలు, కుంకుమ, అగరొత్తులు కలిసిన వాసన ఒకటి గుప్పున తగిలింది. దసరా ముందురోజు. ఒక బైకు మెకానిక్ రేకు తట్టలో గొలుసులు కడుగుతున్నాడు. పక్కన తుడిచి పేర్చిన పానాలకు అప్పుడే బొట్లు పెట్టేశాడు. ఆ వాసన వస్తే నా కాళ్ళు కదలవు. "ఏంది పెద్దాయనా, బండి చెడిందా?" అన్నాడతను. నాకు బండి లేదు గానీ నోరుంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎర్ర స్పోర్ట్స్ కారు ఇంజనుకు నేను ఒంటిచేత్తో ప్రాణం పోసిన కథ, ఇదే చౌరస్తాలో ఆరు వేల మంది నాకు చప్పట్లు కొట్టిన కథ చెప్పేశాను. పాపం, గొలుసు కడగడం ఆపి మరీ విన్నాడు. ఇంటిదారి పట్టాక ఆ కథే గొంతులో ఎక్కడో టక్‌మని తగిలింది. అందుకే సుభద్ర మేడం నేర్పిన పద్ధతిలో దాన్ని ఇక్కడ మళ్ళీ మొదటినుంచి తిప్పి చూసుకుంటున్నాను.

తెలంగాణ కోసం అందరం పని మానేసి రోడ్డెక్కిన రోజులవి. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి బస్సు డిపోలో మెకానిక్‌గా చేస్తున్న నాకు అప్పటికి యాభై మూడేళ్ళు. బస్సులు ఆగిపోయాయి, చేతులు దురద పెడుతున్నాయి. రోజూ పొద్దున దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక గల్లీల్లో ఊరేగింపు తీసేవాళ్ళం. ఒక గల్లీలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఇల్లొకటి ఉండేది. అక్కడికి రాగానే నినాదాల జోరు దానంతటదే పెరిగేది. దానంతటదే కాదులెండి, పెంచింది నేనే. ఒకరోజు ఆ ఇంటి గేటు తెరుచుకుంది. డెబ్బైకి దగ్గర పడిన సన్నపాటి మనిషి, నేత చీర, మోచేతుల దాకా నల్లటి గ్రీజు. తిడుతుందేమోనని చూస్తున్నాం. నినాదం పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగి, "ఏవండీ, మీలో చూపు బాగున్న మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. మా నాయకుడు నర్సింహ బిత్తరపోయి మెల్లగా తేరుకున్నాడు. "మెకానిక్‌లకేం కొదువ లేదు మేడం. గీ యాదగిరన్నను తీస్కపోండ్రి. చూపు మంచిగుంటది, నోరే జర ఎక్కువ" అంటూ నన్ను ముందుకు తోశాడు.

రేకుల షెడ్డులో ఎర్రటి రెండు సీట్ల కారు, టాపు లేనిది, బల్ల మీద దాని ఇంజను. సుభద్ర మేడంది భీమవరం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైంది. అక్కడి వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళకు పైగా మూలపడిన ఈ కారును తుక్కు కింద అమ్మేస్తుంటే ఆవిడే కొనుక్కుంది. ఏడేళ్ళుగా ఒక్కొక్క భాగమూ బాగుచేసుకుంటూ వస్తోంది. "ముప్పై ఏళ్ళు ఇంజన్లను బోర్డు మీద నడిపానండీ యాదగిరి గారూ. ఒక్కదాన్నైనా రోడ్డు మీద నడపాలి" అంది. చక్కెర జబ్బు ఆవిడ చూపును తినేస్తోంది. దూరంవి ఇంకా బాగానే కనిపిస్తున్నాయి, దగ్గరివి అలుక్కుపోతున్నాయి. ఏడాది తిరిగాక స్టీరింగు మాట మరిచిపొమ్మన్నాడట డాక్టరు. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక ఇంజనులోకి చూశాను. యాభై మూడేళ్ళలో నన్ను 'గారూ' అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ రెండక్షరాల కోసం నేను ఆ షెడ్డు ఊడ్చడానికైనా సిద్ధపడ్డాను.

ఊరేగింపు అయ్యాక నేరుగా షెడ్డుకే వెళ్ళేవాణ్ణి. నేను గాసునూనె అంటే ఆవిడ కిరసనాయిలు అనేది. నట్టు ఎంత బిగించాలంటే నేను "అందాజగా" అనేవాణ్ణి, ఆవిడకు ఒళ్ళు మండేది. "అందాజ అన్న మాట ఈ షెడ్డులో వినిపించకూడదండీ!" ఓసారి టీ గ్లాసు అందిస్తూ, "మీ రాష్ట్రం వస్తే నన్ను పంపించేస్తారా?" అని అడిగింది. "మిమ్మల్ని పంపితే గీ బండి ఎవరు నడుపుతరు మేడం?" అన్నాను. ఆవిడ నవ్వి, "పక్కపక్కనున్న రెండు గేర్లు ఎప్పుడూ ఎదురెదురు దిక్కుల్లోనే తిరుగుతాయండీ. పళ్ళు కలిస్తే చాలు, ఇంజను నడుస్తుంది" అంది. ఈ మాట ఆవిడే అందో, తర్వాత ఎప్పుడో నేను కల్పించానో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను.

కథంతా ఆ గేర్ల దగ్గరే ఉంది. ఇంజనులో పిస్టన్ పైకొచ్చే వేళకు వాల్వు పక్కకు తప్పుకోవాలి. లేకపోతే రెండూ గుద్దుకుని వాల్వు వంగిపోతుంది. ఆ వేళ కుదిర్చేవే టైమింగ్ గేర్లు. చిన్నది రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. రెంటి మీదా ఉన్న గుర్తులు ఎదురెదురుగా కలిసేలా కూర్చోబెట్టాలి. అసలు గుర్తులు అరిగిపోవడంతో, ఇంజను విప్పేటప్పుడే మేడం పసుపు పెయింటుతో చుక్కలు పెట్టుకుంది. వాల్వులు ఎనిమిది. ఏళ్ళ తరబడి వెతికించి తెప్పించినవి, మళ్ళీ దొరకనివి. అవి వంగితే ఆవిడకు ఇక రోడ్డు లేదు.

దసరా వచ్చింది. డిపోలో ఆయుధపూజంటే మాకు పెళ్ళే. ప్రతి సామానూ కడిగి, రుద్ది, తళతళలాడించి బొట్టు పెట్టాల్సిందే. ఆ ఏడాది డిపోకు తాళం. మేడం పూజగదిలో ఉండగా నా భక్తంతా ఆ గేర్ల మీద చూపించాను. గాసునూనెలో నానబెట్టి, గరుకు కాగితంతో అద్దంలా రుద్దాను. గుడ్డతో తుడిచి చూసుకుని మురిసిపోయి, మళ్ళీ అటూ ఇటూ తిప్పి చూశాను. చుక్కలు లేవు. ఏం చేశాననుకున్నారు? అందాజగా ఒక పన్ను చూసి ఇటో కుంకుమ బొట్టు, అటో కుంకుమ బొట్టు పెట్టాను. మేడం వచ్చి వంగి చూసింది. "ఎర్రగా ఉన్నాయేంటండీ? నేను పెట్టిన చుక్కల మీదేనా?" "అవును మేడం, సరిగ్గ మీ చుక్క మీదనే" అన్నాను, పండగ పూట.

మర్నాడు బొట్టుకు బొట్టు కలిపి గేర్లు ఎక్కించాను. మూత బిగించి, ఇంజను కారులో దింపి, స్టార్ట్ చేసేద్దామన్నాను. తొందర నాది, అబద్ధం త్వరగా దాటిపోవాలని. "ముందు చేత్తో రెండు చుట్లు" అంది మేడం. "స్టార్టరు మోటారు బలానికి సిగ్గుండదండీ, అడ్డొచ్చినా తోసేస్తుంది. చెయ్యి అయితే ఆగి చెబుతుంది." పానా తగిలించి మెల్లగా తిప్పాను. ఒక చుట్టు కూడా నిండలేదు. లోపల టక్‌మంది, చెయ్యి ఆగిపోయింది. మేడం చెవి కారు మీదే ఉంది. నేను పానా కింద పెట్టాను. "మేడం, నేను అబద్ధం చెప్పిన. చుక్కలు తుడిచిపెట్టింది నేనే. బొట్లు అందాజగ పెట్టిన" అన్నాను. తిడితే బాగుండేది. చీరకొంగుతో చెయ్యి తుడుచుకుని, "ఇప్పుడు చెప్పారుగా, ఇంకేం చెడలేదు. గుర్తులు పోతే పోనివ్వండి, ఇంజనుకు తన వేళ తెలుసు" అంది.

ఆ మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ బోర్డు పాఠం నా ఒక్కడికి చెప్పింది. మళ్ళీ మూత విప్పి గేరు లాగాను. వాల్వులకు తగలకుండా పిస్టన్లను సగానికి దింపాం. వాల్వులను తెరిచి మూసే క్యామును విడిగా తిప్పుతూ పోతే మొదటి సిలిండరులో ఒక వాల్వు మూసుకుంటూ, ఇంకోటి తెరుచుకుంటూ, రెండూ తక్కెడ పళ్ళాల్లా సమంగా నిలిచే చోటొకటి వచ్చింది. అక్కడ ఆపాను. ప్లగ్గు కన్నంలో అగరొత్తి పుల్ల దూర్చి పిస్టన్‌ను పైకి తెచ్చాను. పుల్ల లేచి లేచి నిలబడిన చోటే గేరు ఎక్కించాను. నా బొట్లు నాలుగు పళ్ళు పక్కన నవ్వుతూ కనిపించాయి. చేత్తో ఒక చుట్టు. రెండో చుట్టు. నెయ్యిలో వేలు తిరిగినట్టు తిరిగింది. "ఇప్పుడు గుర్తు పెట్టండి. కుంకుమతో వద్దు, ఉలితో" అంది మేడం.

తాళం ఆవిడే తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి షెడ్డు రేకులన్నీ మోగాయి. మేడం సీట్లో కూర్చుని నవ్వింది, చిన్నపిల్ల ఉయ్యాల పైకెళ్ళినప్పుడు నవ్వేటట్టు. బస్సుల్లేని రోడ్డు మీద కొత్తపేట దాటి ఎల్బీ నగర్ దాకా తీసుకొచ్చింది. నేను పక్క సీట్లో. చౌరస్తాలో మావాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నర్సింహ గరిటె అడ్డంపెట్టి ఆపాడు. "సమ్మె నడుస్తుంటే బండెట్ల తీస్తిరి మేడం?" "ముప్పై ఏళ్ళ నుంచీ ఇది సమ్మెలోనే ఉందండీ. ఇవాళే విరమించింది" అంది మేడం. చౌరస్తా ఘొల్లుమంది. విస్తరాకులో వేడివేడి పులిహోర తెచ్చి స్టీరింగు మీద నుంచే అందించారు. "ఎవరు బిగించిన్రు మేడం?" అని అడిగాడు నర్సింహ. "గేర్లు వేసింది యాదగిరి గారండీ" అంది. అంతే, ఇంకొక్క మాట అదనంగా చెప్పలేదు. చప్పట్లు మొదలయ్యాయి. నా ఛాతీ ఉబ్బింది. ఎక్కడో టక్‌మంది. "చుక్కలు తుడిచి ఇంజను ముంచబోయింది గూడ నేనేరా!" అని అరిచాను. అప్పుడు చూడాలి చప్పట్లు.

రాష్ట్రం వచ్చింది. మేడం ఆ గల్లీ వదల్లేదు. మేమూ ఎవరం పొమ్మనలేదు. చూపు పూర్తిగా మందగించాక ఆ కారును పిల్లలు నేర్చుకుంటారని ఒక పాలిటెక్నిక్‌కు ఇచ్చేసింది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నేను రిటైరయ్యేదాకా నా చేతి మీదుగా ఏ ఇంజనూ రెండు చుట్లు తిరక్కుండా గేటు దాటలేదు. ఇప్పుడు నా దగ్గర ఇంజన్లు లేవు, కథలే ఉన్నాయి. వాటినైనా చేత్తో తిప్పి చూసుకుంటాను. రేపు పొద్దున ఆ మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెప్పాలి. ఒంటిచేత్తో కాదు నాయనా, నా రెండు చేతులు, ఆవిడ బుర్ర. ఆరు వేల మంది కాదు, అరవై మంది. అందులో సగం పులిహోర కోసం వచ్చినవాళ్ళు. కానీ తాళం తిప్పాక మేడం నవ్విన నవ్వుందే, దాన్ని రెండు చుట్లూ పూర్తిగా తిప్పి చూశాను. ఎక్కడా తగల్లేదు.