వడికీ వేగానికీ తేడా

నేను భౌతికశాస్త్రం చెప్పి బతుకుతున్నాను. ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలో మా ఇంటి ముందుగదే నా బడి. వచ్చే పిల్లలు ఏ ఇంటివాళ్లయినా నన్ను దీదీ అంటారు. పాఠం బెంగాలీలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. తెలుగు మాత్రం వంటగదికీ, నాన్నతో తగువులకీ మిగిలింది.

నాన్న రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. ఆయనకు ఒకటే కోరిక. ఊళ్లో అందరి పిల్లలకూ వాళ్ల వాళ్ల భాషల్లో చెబుతున్న నేను, ఒక్కసారి మన భాషలో చెబితే వినాలని. నిరుడు ఆ అవకాశం దానంతట అదే వచ్చింది. ఫోన్లో వినే పాఠాలు తయారుచేసే ఒక హైదరాబాదు కంపెనీకి నా పాత విద్యార్థి ఒకడు నా పేరు చెప్పాడు. వస్తువులు ఎలా కదులుతాయో చెప్పడానికి కావలసిన మాటల మీద, తెలుగులో, నేనే రాసి నేనే చదివి పంపాలి.

ఒప్పుకున్నాక చూసుకుంటే నాకు ఆ మాటలే రావు. నేను చదివింది బెంగాలీ బడిలో. ద్రుతి, బేగ్, సరణ్ అని నేర్చుకున్నాను. వాటిని తెలుగులో ఏమంటారో తెలియక సిగ్గేసింది. తెలుగు పాఠ్యపుస్తకం తెప్పించుకుని పరీక్షకు కూర్చునే పిల్లలా బట్టీ పట్టాను. వడి, వేగం, స్థానభ్రంశం, త్వరణం. త్వరణం ఒక్కటే బెంగాలీలోనూ ఉంది. పెళ్లిలో తెలిసిన మొహం కనిపించినంత సంతోషమైంది.

రాసింది ముందు నాన్నకు చదివి వినిపించాను.

"బండి ఎంత జోరుగా పోతందో సెప్తే వడి నాన్నా. ఏ దిక్కుకి పోతందో కూడా కలిపి సెప్తే వేగం."

"మనకి రెండూ ఇస్పీడే కదేటి."

"పరీచ్చలో అలా రాస్తే సున్నా ఏస్తారు."

తర్వాత నా ఉదాహరణ చెప్పాను. ఖరిదాలో మా ఇంటి దగ్గర సైకిలెక్కి, ప్రేమ్ బజార్ వెళ్లి, పెన్నులు కొనుక్కుని మళ్లీ మా గుమ్మం ముందే దిగితే, తిరిగిన దూరం బోలెడు. బయల్దేరిన చోటికే చేరాం కనక స్థానభ్రంశం సున్నా.

"కాళ్లు పీకేసినా సున్నాయేనా?"

"సున్నాయే."

"మీ సదువు సల్లగుండ," అని నవ్వాడు నాన్న. చాలా రోజులకు నవ్వాడు.

ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ రికార్డు చేశాను. గూడ్సు కూత పడ్డ ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి. నాన్న గుమ్మం బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. పాలవాడిని కూడా ఆపి, "మా అమ్మి లోపల తెలుగులో పాఠం సెప్తంది, సప్పుడు సెయ్యకు" అని చెప్పడం నాకు వినపడుతూనే ఉంది. ఆ గర్వం చూసి నాకూ కాస్త తలకెక్కింది, దాచడమెందుకు.

కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో బోలెడు మర్యాద.

"మేడమ్, కంటెంట్ చాలా బాగుంది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. వాయిస్ మాత్రం వేరేవాళ్లతో చెప్పిస్తున్నాం."

"ఏటి, నా గొంతు బాగోలేదా?"

"ఆ 'ఏటి' గురించేనండి."

నా పాఠంలో ఎక్కడా ఏటి లేదు. కానీ చలనం అన్నది సలనం అయిందట. వాక్యం చివర బెంగాలీ దీర్ఘం వస్తోందట. పిల్లలు తప్పు తెలుగు నేర్చుకుంటారట. నా రాత తెలుగే, నా నోరు మాత్రం కాదు. ఇస్తామన్న డబ్బు ఇచ్చేశారు కాబట్టి పోట్లాడటానికీ లేదు. ఒళ్లు మండిపోయింది. నాన్నకు చెప్పలేదు. రోజూ "వొచ్చినాదా?" అని అడుగుతుంటే, "ఇంకా లేదు" అని తప్పించుకున్నాను.

చివరికి పాఠం వచ్చింది. ముందు నేను ఒక్కదాన్నే విన్నాను. అక్షరం మార్చక్కర్లేదన్నవాళ్లు ఖరిదాను అమీర్‌పేట చేశారు, ప్రేమ్ బజార్‌ను కోఠీ చేశారు. సున్నా మాత్రం నాదే ఉంచారు. చదివిన అమ్మాయి గొంతు బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

దాచి లాభం లేదనుకుని ఫోన్ నాన్న చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇది నువ్వు కాదు."

"రాసింది నేనే నాన్నా. నా మాట బాగోలేదని ఏరే అమ్మాయి సేత సెప్పించినారు."

నాన్నకు కోపం వస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే రావాలని కోరుకున్నాను. నా తరఫున ఒక్క తిట్టు తిట్టినా చాలు, నాకు కడుపు నిండేది. ఆయన మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి ఇంకా శ్రద్ధగా, తలూపుతూ విన్నాడు. విని, ఫోన్‌ను జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. ముఖంలో ఎంత నిమ్మళమో.

"మంచి పని సేసినారు అమ్మీ. తెలుగంటే అది. మనది తెలుగేటి? నువ్వు సెప్పుంటే అందరూ నవ్వుదురు."