రెండు వాగుల నడుమ పెళ్ళి బస్సు

మా పెద్దబాపు మాటకు ఎదురు చెప్పిన మనిషిని ఆ రోజు దాకా నేను చూడలేదు. నాన్న పోయేనాటికి నేను ఆరో తరగతిలో ఉన్నాను, తమ్ముడు ఇంకా బడికి కూడా పోవడం లేదు. అప్పటి నుంచి అమ్మనూ మమ్మల్నీ సాకింది నాన్నకు అన్న అయిన ఈయనే. నర్మెట్ట పక్కన మా ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడాలన్నా, పొలం గట్టు దగ్గర పేచీ వచ్చినా ఆయన రావలసిందే. ఏ చెలకలో పత్తి పెట్టాలో, ఏ చెలకలో కంది వెయ్యాలో, నేను ఏం చదవాలో అన్నీ ఆయనే తేల్చేవాడు. నేను వకీలు చదువుతానంటే టీచర్ ట్రైనింగ్‌కు పంపాడు. చెడ్డవాడని అనను, మంచివాడే. కాకపోతే ఆ మంచి కూడా అరుస్తూనే చేసేవాడు. చేతిలో మామిడిపండు పెట్టినా ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉండేది నాకు.

తమ్ముడి పెళ్ళి శ్రావణంలో కుదిరింది. అమ్మాయిది భూపాలపల్లి అవతల, అడవి అంచున ఒక ఊరు. పెళ్ళి వాళ్ళింటి దగ్గరే. నేను పనిచేసే మహబూబాబాద్ నుంచి ముందుగానే సెలవు పెట్టి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ముసురు ఆగలేదు. జనగామలో మాట్లాడిన బస్సు తెల్లవారకముందే వచ్చింది. ముందు అద్దానికి మామిడాకులు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. పెద్దబాపు డ్రైవర్ పక్క సీట్లో, మగవాళ్ళు ఆయన వెనక, ఆడవాళ్ళం మధ్యలో, పిల్లలు చివర. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆయనే చెప్పాడు.

భూపాలపల్లిలో బొగ్గు లారీలు రోడ్డు వారగా బారులు తీరి నిలబడి ఉన్నాయి. చాయ్ తాగుతుంటే హోటల్ ఆయన ముందుకు పోవద్దన్నాడు, వాగులు వస్తున్నాయన్నాడు. పెద్దబాపు గ్లాసు పెట్టేసి బస్సెక్కాడు. ఆయన వెనకే మేమూ ఎక్కాం.

మొదటి వాగు మీద వంతెన ఎత్తు తక్కువ. అప్పటికే దాని మీద నుంచి ఎర్రనీళ్ళు పారుతున్నాయి. డ్రైవర్ బస్సు ఆపాడు.

“పటేలా, నీళ్ళు మీదికెక్కినయి. భూపాలపల్లికి మర్రిపోదాం. జర తగ్గినంక వద్దాం.”

“పెండ్లికి ఎల్లిన బండి ఎనుకకు మర్రుతదా? ఎన్నడన్న సూసినవా? పోనియ్యి.”

ఇది మా దగ్గర గట్టి పట్టింపు. పెళ్ళికొడుకు ఎక్కిన బండిని వెనక్కి తిప్పరు. నా పెళ్ళప్పుడు మా అత్తగారివాళ్ళు మెట్టెలు ఇంట్లోనే మరిచిపోయి వస్తే, ఎవరో మోటార్ సైకిల్ మీద పోయి తెచ్చేదాకా వాళ్ళ బస్సు రోడ్డు మీదే నిలబడిందట. అందుకే ఇప్పుడు కూడా ఎవరూ కిక్కురుమనలేదు. చదువుకున్నవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం బస్సులో చాలామందిమే ఉన్నాం. అందరం ఆయన ముఖం చూశాం, ఆయన ముందుకు చూశాడు. సగం చక్రం దాకా నీళ్ళు తోసుకుంటూ బస్సు అవతలికి చేరింది. వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇంకొంచెం దూరం పోయాక రెండో వాగు దగ్గర వంతెనే కనబడలేదు. అది ఎక్కడ ఉండాలో తెలిపే గుర్తుగా రాతి స్తంభాల తలలు మాత్రం నీళ్ళపైకి కనబడుతున్నాయి. డ్రైవర్ ఎవరినీ అడగకుండా బస్సు తిప్పాడు. ఈసారి పెళ్ళి బండి వెనక్కి తిరగకూడదన్న మాట ఎవరికీ గుర్తురాలేదు. మొదటి వాగు దగ్గరకు తిరిగి వచ్చేసరికి ఆ వంతెన కూడా మునిగిపోయింది. అటూ ఇటూ వాగులు, పక్కల నీళ్ళు నిండిన పత్తిచేలు, వాటి వెనక టేకు అడవి. నడుమ మా బస్సు.

అమ్మాయివాళ్ళ వైపు నుంచి ఎవరైనా వస్తే అక్కడికే వస్తారని మళ్ళీ రెండో వాగు దగ్గరకు పోయి ఆగాం. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఒక్కసారి అమ్మాయి తండ్రి దొరికాడు. పెద్దబాపు స్పీకర్ పెట్టాడు కాబట్టి మాకూ వినబడింది.

“బావా, మీరు ఆడనే ఉండుండ్రి. రేపు పొద్దుగాల ఇంకో మూర్తం ఉన్నదట. పానాల కంటె ఎక్కువనా?”

“మాటిచ్చిన బావా. మూర్తానికి పిల్లగాన్ని పీటల మీద కూసోబెడ్త” అని పెద్దబాపు ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి అవతలి ఒడ్డుకు అమ్మాయి తరఫు కుర్రవాళ్ళు ట్రాక్టర్ మీద వచ్చి చేతులు ఊపారు. రమ్మంటున్నారని పెద్దబాపు అన్నాడు. రావద్దంటున్నారని డ్రైవర్ అన్నాడు. వాన తెరలో చూస్తే నాకు రెండూ నిజమే అనిపించాయి. పెద్దబాపు కండువా నడుముకు బిగించి బస్సులోంచి మగవాళ్ళను పిలిచాడు.

“పిల్లగాడు, ఇంకో నలుగురు చేతులు పట్టుకొని నడుస్తరు. నడుం లోతుంటది, గంతే. మనం ఎన్ని వాగులు దాటలే?”

తమ్ముడు మారుమాట లేకుండా పట్టుపంచె పైకి దోపుకోవడం మొదలుపెట్టాడు. వాడికి చిన్నప్పటి నుంచి అదే అలవాటు. వాడికి ఈత రాదు. వర్షంలో దిగి అడ్డం పోయాను.

“వద్దు పెద్దబాపూ. వాడు మునుగుతడు.”

“ఇది నీ బడి కాదు. పోయి బస్సుల కూసో.”

అప్పుడు ఆయన సొంత కొడుకు, మాకు అన్న వరస, వెనక నుంచి మామూలు గొంతుతోనే అన్నాడు.

“అయితె ముందు నువ్వు నడువు బాపూ. నీ ఎనుక మేమొస్తం.”

అందరం పెద్దబాపు వైపు చూశాం. ఆయన నీళ్ళ వైపు చూశాడు. ఒక అడుగు వేసినట్టే వేసి ఆగిపోయాడు. మళ్ళీ వెయ్యలేదు. బస్సెక్కి, ముందు సీటు దాటి, ఆడవాళ్ళను దాటి, పిల్లల వెనక చివరి సీట్లో కూర్చుని తల మీద కండువా కప్పుకున్నాడు.

నాకు సంతోషమైంది. దాచడమెందుకు, ప్రాణం హాయిగా అనిపించింది. వకీలు చదువు దగ్గర్నుంచి మింగిన మాటలన్నీ ఒక్కసారి అరిగిపోయినట్టయింది. తమ్ముడు బతికాడు, ఇక తలా ఒక మాట చెప్పుకుని ఏదో ఒకటి ఆలోచిస్తాం అనుకున్నాను.

అట్లా ఏమీ జరగలేదు. మొదట డ్రైవర్ మీద పడ్డారు, మొదటి వాగు దగ్గరే నువ్వెందుకు గట్టిగా చెప్పలేదని. ఆయన తాళం జేబులో వేసుకుని పోయి దూరంగా చెట్టు కింద కూర్చున్నాడు. కొందరు అడవిలో గూడెం ఉంటుంది, నడుద్దామన్నారు. కొందరు బస్సు దిగితే చస్తామన్నారు. అమ్మాయివాళ్ళింటికి పట్టుకుపోతున్న లడ్డూల గంపలకు పెద్దమ్మ ఎర్రగుడ్డలు కట్టి పెట్టింది. అవి అక్కడి గడప దాటేదాకా ఎవరూ విప్పకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, గుడ్డలు విప్పి ఎవరి పిల్లలకు వాళ్ళు చీర కొంగుల్లో కట్టుకున్నారు. గంప మీద చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమ్మను ఆమె చేతుల్లో పెరిగిన పిల్లే పక్కకు నెట్టింది.

ఇంతలో పైన ఎక్కడో చెరువు కట్ట తెగిందని ఒక మాట లేచింది. ఎవరు చెప్పారంటే అందరూ పక్కవాళ్ళను చూపించారు. జనం బస్సు వెనక నిచ్చెన మీదికి ఎగబడ్డారు. ఒక పాప జారిపడి మోచెయ్యి చీరుకుపోయింది. “ఆగండి, ఒక్కొక్కరు” అని నేను అరుస్తూనే ఉన్నాను. బడిలో నా గొంతుకు పక్క తరగతి కూడా నిశ్శబ్దమవుతుంది. ఇక్కడ నా పక్కన నిలబడిన మనిషి కూడా తల తిప్పలేదు. పొద్దుటి నుంచి అందరిలోనూ ఉన్న భయమే ఇది. ఇంతసేపూ ఆయన అరుపు కింద అణిగి ఉంది. ఆ అరుపు ఆగిపోగానే ఎవరి భయం వాళ్ళను లాక్కుపోతోంది. ఆయన మాట పోతే మా మాట చెల్లుతుందని అనుకోవడం నా అమాయకత్వం. ఎవరి మాటా చెల్లలేదు.

కీడు మాటలు కూడా అప్పుడే మొదలయ్యాయి. “తాళి కట్టకముందే గిట్లుంటె, కట్టినంక ఎట్లుంటదో. ఆ పిల్ల కాలు మంచిది కాదు” అని ఒకామె అంది. ఇంకొకామె అవునంది. తమ్ముడు అక్కడే, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నెల రోజులుగా ఆ పిల్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నవాడు. వాడి ముఖం మాడిపోయింది. దిగి నీళ్ళ వైపు నడిచాడు.

పరుగెత్తి భుజం పట్టుకున్నాను.

“నేను దాటిపోత అక్కా. నేను పోతె వీళ్ళ నోర్లు మూతపడ్తయి.”

“పిచ్చా నీకు? పొద్దున పెద్దబాపు పొమ్మంటే వద్దనుకున్నం గద.”

“అప్పుడు ఆయన పొమ్మన్నడు. ఇప్పుడు నేనే పోతున్న” అని నా చెయ్యి తీసేశాడు.

అమ్మ ఏడుస్తూ పిలిచింది, ఆగలేదు. ఇంకెవరూ వాణ్ణి చూడనైనా లేదు. వాడు ఎవరి మాట వింటాడో నాకు తెలుసు. బస్సెక్కి చివరి సీటు దాకా పోయి ఆయన ముఖం మీది కండువా లాగేశాను.

“పెద్దబాపూ, తమ్ముడు వాగుల దిగిండు. నువ్వు రా. ఒక్కసారి అరువు.”

“నా మాట ఎవలింటరు బిడ్డా?”

“వాడింటడు.”

చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చాడు. తమ్ముడు అప్పటికే మోకాళ్ళు దాటి తొడల లోతులో ఉన్నాడు. నీళ్ళు వాణ్ణి ఒక పక్కకు ఒరిగిస్తున్నాయి. పెద్దబాపు ఒడ్డున నిలబడి నోరు తెరిచాడు. నేను ఆ అరుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆయన పెదవులు కదిలాయి కానీ పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు. తమ్ముడు వెనక్కి తిరగలేదు. అప్పుడు ఆయన, బస్సు మీదున్న చుట్టాలందరూ, అవతలి ఒడ్డున ఉన్న వియ్యాలవారి కుర్రవాళ్ళూ వినేటట్టు అరిచాడు.

“నాకు భయమైతుందిరా కొడుకా. వచ్చెయ్యి. నాకు భయమైతుంది.”

బస్సు మీద గోల ఆగిపోయింది. తమ్ముడు తిరిగి చూశాడు. ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. వాడు ఒక్కో అడుగు తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. అందినంత దూరంలోకి రాగానే పెద్దబాపు నీళ్ళలోకి దిగి వాడి మణికట్టు పట్టుకున్నాడు.

నాకూ భయంగానే ఉందని బస్సు మీద నుంచి ఎవరో అన్నారు. మాక్కూడా అని ఇంకెవరో అన్నారు. ఒక్కొక్కరే నిచ్చెన దిగి వచ్చారు. వాగు తగ్గేదాకా మేము అక్కడే ఉన్నాం, మరునాటి ముహూర్తానికి పెళ్ళి జరిగింది. ఆ సాయంత్రం దాకా ఎవరూ ఎవరి మీదా పెత్తనం చెయ్యలేదు, ఎవరూ ఎవరినీ నెట్టలేదు. పెద్దబాపు మాత్రం ఆ మణికట్టు వదలకుండా బస్సులో తమ్ముడి పక్కనే కూర్చున్నాడు.

తమ్ముడు చాలాసేపటికి, కోపం లేకుండానే అడిగాడు.

“గీ మాట పొద్దుగాల మొదటి వాగు కాడ్నే చెప్తే మర్రిపోదుము గద పెద్దబాపూ?”

ఆయన బయటికి చూస్తూ అన్నాడు.

“అప్పుడు మీరందరు నా మొకమే సూస్తున్నరు కొడుకా.”