ఒంటి పెడలుతో మా బావ

మా బావ సైకిళ్ల మెకానిక్. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పూట లాగించే ట్రయాథ్లాన్‌కి వెళ్లేవాళ్లంతా ముందురోజు ఆయన షాపు ముందు క్యూ కడతారు. పదహారేళ్లు వాళ్ల బోల్టులు బిగించి బిగించి, నలభై ఆరో ఏట ఆయనకూ ఆశ పుట్టింది. "ఒక్కసారి నేనూ టైములోపల గీత దాటాలి మరదలా," అన్నాడు. ఆ ఒక్క కోరిక కోసం ఏడు నెలలు తెల్లారకముందే లేచి ఈదాడు. తడి తువ్వాళ్లు ఆరేయలేక మా అక్క తల పట్టుకుంది.

బావకో అలవాటు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదిలేస్తాడు, చివర్లో వరసగా పానాతో బిగిస్తాడు. పందెం ముందురోజు తన సైకిలు దగ్గర సరిగ్గా ఆ చివరి వంతు వచ్చేసరికి, ఎవరో "అన్నా, గేరు పడట్లేదు" అంటూ ఊడిపడ్డారు. బావ వాళ్ల గేరు చూసి, షాపు కట్టేసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

పందెంలో ఈత అదరగొట్టాడు. సైకిలు మీద ఇరవై నాలుగో కిలోమీటరు మలుపులో నేనూ అక్కా ఈలలు వేస్తుంటే వచ్చాడు. ఆయన బూట్లు పెడలుకి అతుక్కునే రకం. ఎడమ పెడలు కాడతో సహా ఊడి, బూటుకే వేలాడుతోంది! నవ్వకూడదు, తప్పే, కానీ నాకు ఆగలేదు. పానాల సంచీ బరువని షాపులోనే వదిలేశాడట. కస్టమర్లెవరైనా ఆ పని చేస్తే వాళ్ల తాట తీసే మనిషి!

అక్క స్కూటర్ డిక్కీలోంచి పానా తీసి పరుగెత్తింది.

"దూరం జరగవే! బయటివాళ్లు చెయ్యి వేస్తే నన్ను తీసేస్తారు!" అని అరిచాడు బావ.

"నేను బయటిదాన్నా?" అని అక్క కళ్లెర్రజేసింది.

ఆయన ఊడినదాన్ని చొక్కా వెనక జేబులో దోపుకుని, ఒంటికాలితో తొక్కుకుంటూ పోయాడు. పదహారు కిలోమీటర్లు! అయినా సైకిలుకిచ్చిన గడువుకి నాలుగు నిమిషాలు ఆలస్యం. రిఫరీ పాపం మర్యాదగానే, "మీ టైమ్ అయిపోయిందండీ," అని కాలికున్న, టైము లెక్కకట్టే చిప్పు విప్పేశాడు. బావ అక్కడే చతికిలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. నా నవ్వు ఎటు పోయిందో. ఏడు నెలల కష్టం ఒక్క బోల్టుకి పోయిందని నాకూ ఏడుపొచ్చింది.

అక్కే ముందు తేరుకుంది. "చిప్పు వాళ్లది. కాళ్లు మీవే కదా? లేవండి. టైము నేను చూస్తా."

ఇక చూడాలి మా ఊరేగింపు! బావ పరుగు, పక్కనే స్కూటర్ మీద అక్క, వెనక సీట్లో నీళ్ల సీసాతో నేను. పది కిలోమీటర్లూ అక్క "ఊఁ, కానివ్వండి!" అని అరుస్తూనే ఉంది. మేము చేరేసరికి గాలి నింపి నిలబెట్టే ముగింపు ద్వారం గాలి తీసేసి నేలమీద చాపలా పడి ఉంది. గీత ఎక్కడని బావ అడిగితే, రోడ్డు ఊడుస్తున్నావిడ చీపురుతో చూపించింది. దాటాడు. అనుమానమొచ్చి వెనక్కెళ్లి మళ్లీ దాటాడు.

"ఎంతే? టైమెంత?"

అక్క ఫోను చూసింది. నన్ను చూసింది. చార్జింగ్ అయిపోయి అదెప్పుడో చచ్చి ఊరుకుంది.

బావ రోడ్డుమీద వెల్లకిలా పడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోనీవే! టైమే లేనప్పుడు ఇంక లేటెక్కడిది?"

అక్క నవ్వలేదు. ఊడుస్తున్నావిడ దగ్గరికెళ్లి, "మీరు చూశారు కదమ్మా? మా ఆయన దాటారు కదా?" అని అడిగింది.

"ఒకసారి కాదమ్మా, రెండుసార్లు," అందావిడ.