పులుసు కుండా, ముప్పై గాలీ

మొన్న ఆదివారం నన్ను సముద్రం ఒడ్డున బండితో సహా తాడు కట్టి లాగినారు. లాగినోళ్లలో మా వియ్యంకుడు గారున్నారు, మా ఆవిడ కూడా ఉంది. కోపంతో కాదులెండి. తప్పంతా గాలిది. ఆ గాలి కొట్టించింది నేను, అది వేరే సంగతి.

మాది కోవూరు. వరి, ట్రాక్టరు, ఇంతే నా చదువు. మా బావమరిది పెంచలయ్యకు కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఇసకలో తిరగడానికి ఏటీవీ ఒకటి కొన్నాడు. మోటారుసైకిలుకి నాలుగు బొద్దు చక్రాలు తగిలిస్తే ఎట్టుంటాదో అట్టుంటాది అది.

ఇక మా వియ్యంకుడు రమణయ్య గారి సంగతి. మా అమ్మాయి పెళ్లిలో చేపల పులుసులో ఉప్పు కాస్త తగ్గింది. అప్పటి నుంచి ఎవరు కనపడినా ఒకటే మాట. "కోడలు బంగారమబ్బా. పులుసులోనే కొంచెం..." అని ఆపేస్తారు. ఆ ఆపేసిన చోట మా ఆవిడకి కాలిపోతాది. అందుకే వాళ్లని సముద్రం ఒడ్డున భోజనానికి పిలిచి, పెంచలయ్య ఇంట్లోనే వంజరం చేపతో, మామిడికాయ వేసి, మట్టికుండలో పులుసు చేసింది. వాళ్లందరూ ఆటోలో సరుగుడు తోపు దాకా పోయి, అక్కణ్ణుంచి ఇసకలో నడిచి ముందే చేరేటట్టు. కుండ మాత్రం ఏటీవీ మీద నేను తేవాల.

"ఈ పులుసు ఆయన నోట్లో పడాల. పడకపోతే నువ్వు కోవూరికి రాబాక" అనింది మా ఆవిడ.

"బావా, టైర్లు ముట్టుకోబాక" అన్నాడు పెంచలయ్య.

వాళ్లు పోయినాక బండి వెనక గంపలో గడ్డి వేసి, కుండ పెట్టి, గట్టిగా కట్టినా. వంగి టైరు నొక్కినా. బొటనవేలు లోపలికి పోతా ఉంది. ముట్టుకోబాక అంటే ఏంది, వీడు గాలి కొట్టించడం మర్చిపోయి సిగ్గుపడతా ఉన్నాడు అనుకున్నా. బరువు మోసే బండికి గాలి గట్టిగా ఉండాల, ఇది నాకు తెలియకపోతే ఎవరికి తెలస్తాది?

దారిలో పంక్చర్ షాపు దగ్గర ఆపినా. షాపాయన "ఎంత పెట్టమంటావన్నా?" అన్నాడు.

"బైకుకి ఎంత పెడతావు?"

"వెనక టైరుకి ముప్పై."

"దీనికి ముందూ వెనకా లేదు. అన్నిటికీ ముప్పై పెట్టు."

టైర్లు గుమ్మడికాయల మాదిరి ఉబ్బినాయి. చూడ్డానికి ఎంత బాగున్నాయో. తారు రోడ్డు మీద బండి గాల్లో పోయినట్టు పోయింది. సరుగుడు తోపులో దిగినాక నిజంగానే గాల్లో పోయింది. వేరు తగిలితే ఎగరడం, గుల్ల తగిలితే ఎగరడం. వెనక కుండ మీద మూకుడు తాళం వేస్తా ఉంది. నా పళ్లు ఆ తాళానికి సరిగ్గా కలిసినాయి.

ఇసక వచ్చింది. ముప్పై గాలి పట్టిన టైర్లు ఇసకలో బావి తవ్వడం మొదలుపెట్టినాయి. నేను ఎంత రేసు చేస్తే అంత లోతుకి దిగినాయి. పెంచలయ్యకి ఫోన్ చేసినా.

"బావా, గాలి ముట్టుకున్నావా?"

"ముట్టుకోలేదు. కొట్టించినా."

"ఎంత?"

"ముప్పై."

ఫోన్లో వాడు నెత్తి కొట్టుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, "అయిదు ఉండాల బావా, అయిదు. ఇసకలో టైరు మెత్తగా పరుచుకోవాల" అన్నాడు.

సరే, మెత్తగానే కదా. కొలిచేది నా దగ్గర లేదు. పుల్ల తీసుకుని వాల్వు నొక్కినా. ఎంత మెత్తగా? ఇడ్లీ అంతనా, దిండు అంతనా? అడుగుదామంటే సిగ్గు. ఇంకొంచెం, ఇంకొంచెం అని తీస్తానే ఉన్నా. ఎక్కి స్టార్ట్ చేసి హ్యాండిలు తిప్పేసరికి ముందు టైరు రిమ్ము వదిలేసి పక్కకి పడుకునింది. బండి నీళ్లల్లో బర్రె మాదిరి కూలబడింది. కుండ మాత్రం భద్రం.

అక్కడికి కొంచెం దూరంలో ఒడ్డు నుంచి వల లాగేవాళ్లు ఉన్నారు. ఆ పూట వలలో నాచు తప్ప ఏం పడలేదు. వాళ్ల పెద్ద, చెంచయ్య, వచ్చి చూసినాడు. వల తాడు తెచ్చి బండికి కట్టినాడు.

"దిగమంటావా?" అన్నా.

"వద్దు పెద్దాయనా. హ్యాండిలు తిన్నగా పట్టుకో, చాలు."

వాళ్లు హైలెస్సా అంటా లాగినారు. అది చూసి మావాళ్లు పరిగెత్తుకుంటా వచ్చినారు. రమణయ్య గారు పంచె ఎగ్గట్టి "బావగారూ, ఇదేం ఊరేగింపండీ" అంటానే తాడు పట్టినారు. మా ఆవిడ నా ముఖం చూడకుండా తాడు పట్టింది. బండి జారతా జారతా చాపలు పరిచిన చోటికి చేరింది. నేను దొర మాదిరి దిగినా.

చెంచయ్య చేతులు దులుపుకుని, "ఇంక వాటాలు వేద్దాం" అన్నాడు.

"ఏం వాటాలు?"

"తాడు పట్టినోళ్లకల్లా వాటా ఉంటాది. మా రేవు కట్టుబాటు."

"వలలో ఏం పడలేదు కదా?"

"తాడుకి ఇది పడింది గదా" అని కుండ చూపించినాడు.

రమణయ్య గారికి ఈ కట్టుబాటు తెగ నచ్చింది. నేనూ కష్టపడినా, నాకూ వాటా అని ముందు కూచున్నారు. చెంచయ్యే గరిటె పట్టి వడ్డించినాడు. రమణయ్య గారు ముక్క తిని, వేలు నాకి, కళ్లు మూసుకుని, "సరిపోయింది వదినమ్మా. ఉప్పు సరిగ్గా సరిపోయింది" అన్నారు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

నా ఆకు దాకా వచ్చేసరికి చెంచయ్య గరిటె ఆపినాడు.

"నువ్వు తాడు పట్టలేదు కదా పెద్దాయనా."

"నేను బండి మీదున్నా కదయ్యా."

"అదే చెప్తా ఉండా. నువ్వు లాగినోడివి కాదు, పడినోడివి. పడింది వాటా అడగదు."

మా ఆవిడ కుండ అడుగు గీకతా, "అయితే ఈయన్ని కూడా వాటా వేసుకోండి. ఎవరికి కావాల?" అనింది.

ఎవరూ చెయ్యెత్తలేదు.