కుర్చీ వెనుక మనిషి

మొన్న ఇక్కడ, మేముండే ఏజాక్స్ ఊళ్ళో, మా మనవరాలు తన ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. అందులో అది పొడుగాటి గౌను వేసుకుని, చేతులకు తెల్లటి తొడుగులతో, పింగాణీ కప్పు ముందు కూర్చుని ఉంది. ఇంగ్లండును వరసగా నలుగురు జార్జి రాజులు ఏలిన కాలంలో దొరసానులు ఎలా బతికారో అలా ఒక పూట గడపడానికి ఇక్కడ టికెట్లు అమ్ముతున్నారట.

"తాతా, ఆ టైమ్‌లో పుట్టుంటే భలే ఉండేది కదా!" అంది.

ఎవరింట్లో పుట్టుంటే, అని అడగాలనిపించింది.

ఈ దేశం వచ్చిన కొత్తలో నేను అలాంటి ఒక పాత రాతి ఇంట్లో నేలలు తుడిచాను. అప్పటికే అది మ్యూజియం. నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. మిగతాదంతా దొరికిన పుస్తకం దొరికినట్టు నమిలినదే కనుక, భోజనం వేళ ఆ ఇంటి అల్మరాల్లో పుస్తకాలు వెతికేవాణ్ణి. తమ పిల్లల్ని సాకడానికి మన ఆడవాళ్ళను ఆయాలుగా ఓడెక్కించి తీసుకెళ్ళి, రేవు చేరాక దిక్కు చూపకుండా వదిలేసిన దొరల సంగతి అక్కడే చదివి, ఆ పూట అన్నం సయించక కారియర్ మూసేశాను.

సరిగ్గా ఆ నెలలోనే మ్యూజియం నడిపే పెద్దావిడ, చందాలిచ్చే పెద్దమనుషులకు ఆ కాలపు విందు చేయాలనుకుని, మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ఆయాలాగా తన కుర్చీ వెనుక విసనకర్రతో ఉంటే ఎంతో శోభగా ఉంటుందని, తీసుకురమ్మని నన్నడిగింది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, మా ఆవిడకు ఏడో నెల. ఇంటికొచ్చి నేను చిందులు తొక్కుతుంటే ఆవిడ నవ్వింది.

"ఊరికే రంకెలెయ్యకండి. కాసేపు విసిరితే నా చెయ్యేం అరిగిపోదు. ఉద్యోగం ఊడితే పుట్టేదానికి మీ పుస్తకాలు పెడతారా?"

విందునాడు నేను గుమ్మం దగ్గర కొవ్వొత్తులు చూసుకుంటున్నాను. ఆయాకు కూర్చునే హక్కుండేది కాదని పెద్దావిడ అతిథులకు వివరిస్తూనే ఉంది, మా ఆవిడ విసురుతూనే ఉంది. వడ్డనల మీద వడ్డనలు సాగాయి. ఆవిడ పాదాలు వాచడం నాకు కనిపిస్తోంది, నోరు విప్పితే ఉద్యోగం పోతుందని తెలుస్తోంది. ఇంతలో ఆవిడ విసనకర్ర బల్ల మీద పెట్టి, గోడవారనున్న కుర్చీ లాక్కుని, పెద్దావిడ పక్కనే కూర్చుంది.

"కాళ్ళు లాగేస్తున్నాయండీ, ఇహ నా వల్ల కాదు," అంది నాతో, తెలుగులో, అంతమంది మధ్య.

ఏమంటోందని పెద్దావిడ నన్నడిగింది. కళ్ళు తిరిగాయని చెప్పి తప్పించుకోవచ్చు. నిలబడి అలిసిపోయింది, ఇక కూర్చుంటుంది అని చెప్పాను.

పెద్దావిడ, ఖరీదైన తేయాకును తాళం వేసి దాచుకున్న ఆ కాలపు దొరసానిలాగే, నడుముకు వేలాడే తాళంచెవితో తేయాకు పెట్టె తెరిచి, తానే టీ కలిపి, మొదటి కప్పు మా ఆవిడ ముందు పెట్టింది. మర్యాదకు పెట్టిందో, అతిథుల ముందు పరువుకు పెట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఉద్యోగం పోలేదు, ఆ విందు మళ్ళీ జరగలేదు.

మా ఆవిడ పోయి చాలాకాలమైంది. మనవరాలి ఫొటోను మళ్ళీ మళ్ళీ చూశాను. పిల్ల దర్జాగా కూర్చుంది, కూర్చోవద్దని దానికి ఎవరూ చెప్పరు, సంతోషమే. కానీ ఆ కుర్చీ వెనుక ఎవరూ లేరు, ఎప్పుడూ ఎవరూ లేనట్టు, పువ్వుల కాగితం అంటించిన గోడ ఒక్కటే ఉంది.