పడుకున్న కుంచం

రాజాం ఊరి చివర రేకుల షెడ్డులో నూర్పిడి యంత్రాలకు విడిభాగాలు తయారు చేస్తారు. వేసవిలో ఆ షెడ్డు ఎంత వేడెక్కుతుందంటే, ఎవరో బల్ల మీద మరచిపోయిన కోడిగుడ్డు మధ్యాహ్నానికి పిల్లయి, సాయంత్రానికి పుంజయి, తలుపు తీయమని కూసిందట. ఆ పుంజైనా బయటపడింది గాని, గంగులు మాత్రం అందులోనే ఉండిపోయాడు.

గంగులు కళింగపట్నం దగ్గరి పల్లెలో, చేపల వేటకు పోయే ఇంట పుట్టాడు. తెప్ప కదిలిందంటే చాలు, అతని కడుపు కూడా కదిలేది. వాడు వాంతి చేసుకున్న చోటికే చేపలన్నీ వచ్చేవని, వల కంటే తమ్ముడే నయమని అన్నలు ఏడిపించేవారు. ఆ నవ్వులు పడలేక ఒడ్డున పని వెతుక్కుంటూ వచ్చి, గౌరిని పెళ్ళాడి, రాజాంలో అత్తగారింట దిగాడు. ఒక గది, ముందు వసారా. కాళ్ళు చాపితే పొయ్యి, తలెత్తితే వాసం.

షెడ్డులో చేరిన కొత్తలో అతని పేరు గంగులే. వారం తిరక్కుండా ఆ పేరు పోయి ‘హెల్పరు’ మిగిలింది. ఇనుప ముక్కల అంచులు ఆకురాయితో గీకి నున్నగా చేయడం పని. ఏళ్ళ తరబడి గీకగా గీకగా ఫిట్టరు చేసేదంతా చేతికొచ్చింది గాని, సర్టిఫికెట్ రాలేదు. పని మానకుండానే ఫిట్టరు పరీక్షకు కట్టవచ్చని తెలిసి కట్టాడు. చేతిపనిలో నెగ్గాడు. మిగతావీ నెగ్గాడు. డ్రాయింగులో తప్పాడు. మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. ఆ తర్వాతా అంతే.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఏ వస్తువుకైనా ఎదురుగా చూసి ఒక బొమ్మ, పైనుంచి చూసి ఇంకొక బొమ్మ గీయాలి. పైనుంచి చూసిన బొమ్మను కాగితం మీద కింద పెట్టాలని పాఠం. గంగులు చెయ్యి దాన్ని పైనే పెట్టేది.

“పైనుంచి సూసింది పైన గీయకుండా కిందెట్టమంటారేటి?” అని గౌరి దగ్గర మొత్తుకునేవాడు.

“కిందెట్టమంటే కిందెట్టు మావా. నీకు పోయిందేటి?”

“సెయ్యి ఇనదే!”

దీనికి తోడు అత్త అసిరమ్మ చేసిన ఘనకార్యం ఒకటుంది. మొదటి ఏడు ఫలితాలు రాకముందే, అల్లుడు పాసైపోయాడని వీధంతా చెప్పి వచ్చింది. అప్పటినుంచి గంగులు ఇంట్లోంచి అడుగు బయట పెడితే, “ఏటి ఫిట్టరుగారూ, పనికేనా?” అని పలకరింపు. షెడ్డులోకి అడుగు పెడితే, “ఒరే హెల్పరూ, ఎక్కడ సచ్చావురా?” అని ఫోర్‌మన్ భాస్కర్ కేక. ఈ రెండు పేర్లకూ మధ్య నలిగి గంగులు సగమైపోయాడు. ఈసారి పరీక్షకు కట్టాక భాస్కర్ ఇంకో మాట కూడా అన్నాడు.

“ఫిట్టరు పోస్టు ఖాళీ అయినాది. ఈపాలి నెగ్గితే నీది. తప్పితే బయటోణ్ణి ఎట్టేస్తాం. మరి అడక్కు.”

పరీక్ష ముందటి ఆదివారం మధ్యాహ్నం, గంగులు వసారాలో కాగితం పరిచాడు. గీయడానికి ఏదో ఒక వస్తువు కావాలి గనక, బియ్యం కొలిచే కుంచం తెచ్చి కాగితం నడుమ పడుకోబెట్టాడు. మూతి గోడ వైపు, అడుగు తన వైపు. తల వంచి చూస్తే, నిలబడ్డ కుంచాన్ని ఎదురుగా చూసినట్టు నలుపలకగా ఉంది. దాని అంచుల వెంటే ఎదురు బొమ్మ గీసేశాడు. పై బొమ్మ దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

అంతలో అసిరమ్మ వచ్చింది. కుంచం పడుకుంటే ఆ ఇంట పొయ్యి కూడా పడుకుంటుందని ఆవిడ నమ్మకం.

“ఓరి నాయనో! కుంచాన్ని పడుకోబెడతారేటి అల్లుడా? ఇంటిల్లిపాదినీ పస్తులెడతావా?”

అతని భుజం మీదుగా వంగి, మూతి పట్టుకుని లేపి, అడుగు మీద నిలబెట్టింది. కుంచం ఉన్నచోటునుంచి జరిగి, గీసిన బొమ్మకు సరిగ్గా కింద నిలబడింది. గుండ్రటి మూతి గంగులు మొహంలోకి చూస్తోంది.

గంగులు ఒకసారి బొమ్మను, ఒకసారి మూతిని చూశాడు. పైనుంచి చూసేది కిందికి వచ్చి కూర్చుంది!

“అత్తా, మల్లీ పడుకోబెట్టు.”

“ఏటీ?”

“పడుకోబెట్టి లేపు. ఇందాకట్లాగే.”

“ఒసే గౌరీ, మీ ఆయనకి ఎండ దెబ్బ తగిలినట్టున్నాది. మజ్జిగట్రా!”

ఆ సాయంత్రమంతా గంగులు పడుకోబెట్టడం, అసిరమ్మ దండం పెట్టి లేపడం. గౌరి నవ్వాపుకోలేక మొహానికి చేట అడ్డం పెట్టుకుంది.

విజయనగరంలో పరీక్ష. బయల్దేరేటప్పుడు కుంచం మోసుకుపోలేడని అసిరమ్మ చిన్న కొలత గిద్ద చేతికిచ్చింది. ఖాళీది ఇవ్వకూడదని గుప్పెడు బియ్యం కూడా పోసింది. హాలు గుమ్మంలో పర్యవేక్షకుడు సంచీ విప్పించాడు.

“ఇదేమిటయ్యా?”

“గిద్దండి బాబూ.”

“పరీక్షకొచ్చావా, వంటకొచ్చావా? బయట పెట్టు.”

గంగులు దాన్ని బయట పిట్టగోడ మీద పెట్టి లోపలికెళ్ళాడు. ప్రశ్న చూసి పెన్సిలు అందుకున్నాడు. ఎదురు బొమ్మ అయింది. చెయ్యి పాత అలవాటుగా పైకి పాకుతోంది. రేకుల షెడ్డు వచ్చి నెత్తిన బోర్లా పడ్డట్టయింది. ఇక చేతిలో మిగిలింది చెరిపే రబ్బరు ముక్క ఒక్కటే. దాన్ని గీసిన బొమ్మ మీద పడుకోబెట్టాడు. “పస్తులెడతావా?” అని చెవిలో అసిరమ్మ గొంతు. గబుక్కున లేపి నిలబెట్టి, అది నిలబడ్డ చోట గీశాడు.

బయటికి వచ్చేసరికి బియ్యం పిచ్చుకలు తినేశాయి. గిద్ద గోడ మీద పడుకుని ఉంది. ఎవరైనా చూశారేమోనని గంగులు చుట్టూ చూశాడు. దాన్ని తుడిచి నిలబెట్టాడు గాని, ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఫలితాలు వచ్చేదాకా అన్నం ముద్ద మింగినప్పుడల్లా ఆ పడుకున్న గిద్దే గొంతులో అడ్డం పడేది.

ఆకురాయి చేతిలో ఉండగానే ఫలితం ఫోన్‌లోకి వచ్చింది. పాసు. రెండుసార్లు చదివి, ఫోన్‌ని జేబులో పెట్టుకుని, పోయి భాస్కర్‌కు చూపించాడు. భాస్కర్ భుజం తట్టి, “సంపేసినావురా!” అని, తన పనిలో పడిపోయాడు.

కాసేపటికి అటునుంచి అలవాటైన కేక వినిపించింది.

“ఒరే హెల్పరూ! ఈ ముక్కలు గీకరా!”

గంగులు కాళ్ళు వాటంతట అవే లేచాయి. రెండడుగులు వేశాక ఆగాడు. షెడ్డంతా చూస్తోంది. వెనక్కి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

“ఎవర్నో పిలుత్తన్నారు బాబూ,” అన్నాడు. “ఆడెక్కడున్నాడో నాకు తెల్దు.”